కనిగిరి నుంచి నాగౌర్ దాకా: సంస్థలు కలిసి పనిచేసేలా ఆరోగ్య పరిశోధన గ్రాంటు తయారు చేయడం ఎలా

కనిగిరి వైపు ఒక ఊళ్లో ఆశా కార్యకర్త ఒకామె నాకు తన నోటుబుక్కు చూపించింది. స్కూలు పిల్లలు వాడే లాంగ్ నోటుబుక్కే. ఊళ్లోకి ఏ పరిశోధన బృందం వచ్చినా అందులో రాసుకుంటుంది: తేదీ, ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పట్టుకెళ్లారు. "బోరు నీళ్లు 6 సీసాలు", "మూత్రం 40 మందివి", "రక్తం, పిల్లల పళ్ల ఫొటోలు". స్కేలు పెట్టి గీసిన చివరి గడి పేరు "రిపోర్టు". పేజీలు తిప్పుతూ పోయాను, ఆ గడి ఎక్కడా నిండలేదు. "మళ్లీ వస్తామనే చెప్పి వెళ్లారు సార్, పాపం వాళ్లకేం ఇబ్బంది వచ్చిందో" అంది.

ఆ బృందాల్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒక్కొక్కరికి ఒక్కో గ్రాంటు, ఒక్కో ఫారం, ఒక్కో మెషీను. ఒకరి లెక్క ఇంకొకరి లెక్కతో కలవదు. అదే బోరు నీళ్లు నలుగురు పట్టుకెళ్లి నాలుగు చోట్ల పరీక్ష చేసుకున్నారు. తప్పు మనుషుల్లో కన్నా గ్రాంటు రాసిన తీరులోనే ఎక్కువ ఉంది.

ఈ ప్రాంతంలో చాలా ఏళ్లు కమ్యూనిటీ మెడిసిన్ చెప్పాను. ఇప్పుడు ఒక చిన్న ట్రస్టుకి ఆరోగ్య పరిశోధన గ్రాంట్లు తయారు చేయడంలో సాయం చేస్తున్నాను. దేశంలో వేర్వేరు చోట్ల ఉన్న సంస్థలు కలిసి పనిచేయాలని డబ్బు ఇచ్చేవాళ్లకి, అంటే ట్రస్టులకి, యూనివర్సిటీ రీసెర్చ్ సెల్‌లకి, ఊరికి ఏదైనా చేద్దామనుకునే దాతలకి, పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఉదాహరణ అంతటా ఒకటే తీసుకుంటాను: ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బు.

మొదటి అడుగు: ఒక్క జిల్లా తేల్చలేని ప్రశ్న ఎంచుకోండి

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది ఇక్కడే. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన షార్ట్, మరో ముగ్గురితో కలిసి దాని గురించి వ్యాసం రాశారు. ఆ ముగ్గురిలో బార్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగి, మెడ తిరగని మనుషుల ఎముకలు ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తున్నాయో చూడకపోతే అది ఏ జబ్బో తేలేది కాదు. ఒక చదువు సరిపోదు కాబట్టే నలుగురు కలిశారు. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి.

మీ గ్రాంటుకీ అదే పరీక్ష పెట్టండి. "కనిగిరి మండలంలో ఫ్లోరైడ్ ఎంత?" అన్న ప్రశ్నకి జాతీయ సహకారం అక్కర్లేదు, ఒక మంచి ల్యాబ్ చాలు. "అంతే ఫ్లోరైడ్ ఉన్న రెండు ప్రాంతాల్లో ఒకచోట కిడ్నీలు ఎక్కువగా దెబ్బతిని, ఇంకోచోట అంతగా దెబ్బతినకపోతే, తేడా ఎక్కడుంది?" అన్న ప్రశ్నకి మాత్రం కనీసం మూడు చోట్ల మనుషులు కావాలి. ఫ్లోరోసిస్ నివారణకి కేంద్రం 2008-09లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో తొలి విడత జిల్లాల్లో నెల్లూరుతో పాటు రాజస్థాన్‌లోని నాగౌర్, తమిళనాడులోని ధర్మపురి, గుజరాత్‌లోని జామ్‌నగర్ ఉన్నాయి. ఇంకో పక్క శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కనిగిరి, నాగౌర్, ఉద్దానం పక్కపక్కన పెట్టి చూస్తే గానీ కొన్ని సంగతులు బయటపడవు.

ఫ్లోరైడే కావాలని లేదు. మార్కాపురం పలకల పనివాళ్ల ఊపిరితిత్తుల మీద అయితే, పలక బలపాల దుమ్ముతో సిలికోసిస్ వచ్చిన మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్, అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ సహజంగానే తోడవుతాయి.

దరఖాస్తుల ప్రకటనలో ఈ ఒక్క వాక్యం పెట్టండి: "మీ భాగస్వాముల్లో ఎవరిని తీసేసినా ఈ ప్రశ్నకి జవాబు ఎందుకు దొరకదో ఒక పేజీలో చెప్పండి." అది రాయలేనివాళ్లు పేర్లు పేర్చారనే అర్థం.

రెండో అడుగు: పెళ్లికి ముందు పెళ్లిచూపులకి డబ్బివ్వండి

దరఖాస్తుకి 45 రోజుల గడువు ఇచ్చి "కనీసం మూడు రాష్ట్రాల సంస్థలు ఉండాలి" అంటే ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. చివరి వారంలో ఫోన్ వస్తుంది: "సార్, ఒక లెటర్ కావాలి, సాయంత్రానికి సంతకం పెట్టించి స్కాన్ పంపండి." ప్రపోజల్‌లో ఏముందో చదవకుండానే నేనూ అలాంటివి ఇచ్చాను. ఆ సంతకాలతో వచ్చిన ప్రాజెక్టుల్లో మా పని శాంపిళ్లు పంపడం వరకే.

అందుకే గ్రాంటుని రెండు దశలు చేయండి. మీ దగ్గర మొత్తం 3 కోట్లు ఉన్నాయనుకుందాం. మొదటి దశలో ఐదు జట్లకి ఒక్కోదానికి 6 లక్షలు, ఎనిమిది నెలలు. ఆ డబ్బుతో వాళ్లు చేయాల్సింది మూడే పనులు: ఒకరి ఊరికి ఒకరు వెళ్లడం, ప్రశ్నల ఫారం కలిసి రాయడం, దాన్ని ప్రతిచోటా ఇరవై ముప్పై ఇళ్లలో వాడి చూడటం. ఇది 30 లక్షలు. అందులోంచి రెండు జట్లని ఎంచుకుని చెరి 1 కోటి 20 లక్షలు ఇవ్వండి. మిగిలిన 30 లక్షలు మీ దగ్గరే ఉంచండి, అవి దేనికో కింద చెబుతాను.

మొదటి దశ విలువ ఏమిటో ఒక్క సంఘటనతో చెబుతాను. దూరంగా పెద్ద సంస్థలో తయారైన ఒక ఫారం మా దగ్గరికి వచ్చింది. అందులో నీళ్ల గురించి ఒకటే ప్రశ్న: "మీరు ఏ నీళ్లు తాగుతారు?" ఇంటింటా ఒకటే జవాబు, "క్యాన్ నీళ్లు." అంటే ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు, ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. ఫారం ప్రకారం ఊరంతా క్షేమం. పక్కనే నిలబడ్డ ఆశా కార్యకర్త ఆగబట్టుకోలేక ఇంటావిడని అడిగింది: "అన్నం దేంతో వండుతావక్కా? టీ దేంతో పెడతావు?" "బోరు నీళ్లతోనే. క్యాను ఇరవై లీటర్లేగా, వంటకి పోస్తే తాగడానికి ఏం మిగులుద్ది?" అంది ఆవిడ. బియ్యం ఆ నీళ్లన్నీ పీల్చుకునే ఉడుకుతుంది. టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది, దానికి బోరు నీళ్లు తోడు. వేసవిలో పొలంలో తాగే నీళ్లు మళ్లీ వేరు. ఆ ఒక్క ప్రశ్న ఐదు ప్రశ్నలైంది. ఇది సర్వే మధ్యలో బయటపడి ఉంటే మూడు రాష్ట్రాల లెక్కా చెడిపోయేది.

మూడో అడుగు: డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో ముందే తేల్చండి

గ్రాంటు డిజైన్‌లో నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. మామూలుగా ఏం చేస్తారంటే, మొత్తం డబ్బు ప్రధాన సంస్థకి ఇచ్చి, మిగతావాళ్లకి వాళ్లే పంచుకుంటారని వదిలేస్తారు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో వేరే నగరంలోని ప్రధాన సంస్థ ఖాతాలో డబ్బు పడిన పదకొండు నెలలకి మా వాటా వచ్చింది. అప్పటికి ఇద్దరు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. మూడోవాడు సొంత బైకు పెట్రోలుతో ఊళ్లు తిరిగాడు. జనరేటర్ డీజిల్‌కి డబ్బు లేక, ఒక మే నెల రాత్రి కరెంటు పోయి, ఫ్రీజర్‌లోని మూత్రం శాంపిళ్లన్నీ కరిగిపోయాయి. తెల్లారి ఆ ట్రేలు తీసి చూస్తే గొట్టాల మీద పెన్నుతో రాసిన నంబర్లు కూడా చెమ్మకి చెదిరిపోయి ఉన్నాయి. ఆ శాంపిళ్లు ఇచ్చినవాళ్లకి నేను ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

కాబట్టి నా మొదటి నియమం: ప్రతి భాగస్వామికీ మీరే నేరుగా డబ్బు పంపండి. మీకు నాలుగు ఒప్పందాలు, నాలుగు యూసీలు (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రాలు) చూసే పని పెరుగుతుంది. పెరగనివ్వండి.

రెండోది వాటాలు. 1 కోటి 20 లక్షల్లో ఏ ఒక్క సంస్థకీ 40 శాతం మించకూడదు, అంటే 48 లక్షలు. జబ్బు ఉన్న ప్రాంతంలోని సంస్థలకి కనీసం 35 శాతం, అంటే 42 లక్షలు. మిగతా 30 లక్షలు ల్యాబ్, గణాంకాల లాంటి పనులు చేసే మూడో భాగస్వామికి. ఈ శాతాలు ఎవరో చెప్పినవి కావు, మేం రెండు మూడుసార్లు తప్పులు చేశాక కుదిరినవి. మీ ప్రశ్నని బట్టి మార్చుకోండి, కానీ అంకె మాత్రం ప్రకటనలోనే రాయండి. రాయకపోతే బేరంలో చిన్న కాలేజీయే తగ్గుతుంది.

మూడోది, ప్రభుత్వ వైద్య కళాశాల లేదా జిల్లా ఆసుపత్రి భాగస్వామి అయితే, డబ్బు ఏ ఖాతాలో తీసుకోగలరో, మనుషుల్ని ఎలా పెట్టుకోగలరో, కొనుగోళ్లకి ఎవరి అనుమతి కావాలో మొదటి దశలోనే రాతపూర్వకంగా అడగండి. హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ ఖాతానా, ప్రిన్సిపాల్ ఖాతానా అన్న చిన్న విషయం దగ్గర ఆర్నెల్లు ఆగిపోవడం చూశాను.

విదేశాల్లో ఉన్న మన నెల్లూరు, ప్రకాశం వాళ్లకి ఒక హెచ్చరిక. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, ఒక సంస్థ తనకి వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. అంటే ఆ డబ్బుతో ట్రస్టు మిగతా సంస్థలకి గ్రాంట్లు పంచలేదు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది దీని కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది వస్తుంది. ప్రకటన వేయకముందే మీ ఆడిటర్ దగ్గర కూర్చోండి.

మీ దగ్గర ఉంచుకున్న 30 లక్షలు రెండు జట్లకీ ఉమ్మడి ఖర్చు: ల్యాబుల సరిపోలిక, ఏటా ఒక సమావేశం, మధ్యలో ఒక కొత్త జిల్లా చేరతానంటే దాని మొదటి ఖర్చు, ఫలితాల్ని ప్రాంతీయ భాషల్లో అచ్చు వేయడం.

నాలుగో అడుగు: కొలత ఒకటే ఉండాలి

కలిసి పనిచేయడం అంటే నెలకోసారి వీడియో కాల్ కాదు. కనిగిరిలో 1.5 అంటే నాగౌర్‌లోనూ 1.5 కావాలి. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఇంత చిన్న తేడా మీద తీర్పు ఆధారపడినప్పుడు, ఒక ల్యాబ్ ఎలక్ట్రోడ్‌తో, ఇంకోటి రంగు మారే పద్ధతితో కొలిస్తే లెక్క కలిసిందని ఎలా నమ్ముతాం? సీసాలు కూడా ఒకే రకం ప్లాస్టిక్‌వి కావాలి, గాజువి పనికిరావు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది.

కిడ్నీ విషయంలో ఇంకా జాగ్రత్త. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్‌ని జాఫే పద్ధతిలో కొలిస్తే ఒక అంకె, ఎంజైమ్ పద్ధతిలో ఇంకో అంకె వస్తుంది. ఆ కొద్ది తేడాకే జబ్బు ఉన్నవాళ్ల సంఖ్య గణనీయంగా మారిపోతుంది. దీర్ఘకాల కిడ్నీ జబ్బు అని చెప్పాలంటే లోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉండాలి, అంటే ఒకే మనిషికి రెండుసార్లు పరీక్ష. రెండో పరీక్షకి బడ్జెట్ లేని ప్రపోజల్‌ని నేను పక్కన పెట్టేస్తాను.

గ్రాంటు షరతుల్లో ఇవి రాయండి: అన్ని చోట్లా ఒకేలా రాసిపెట్టుకున్న పని పద్ధతి, ప్రతి పదో శాంపిల్ రెండో ల్యాబ్‌కి కూడా, మూడు నెలలకోసారి అందరికీ విలువ చెప్పకుండా ఒకే శాంపిల్ పంపి కొలిపించడం, పిల్లల పళ్లు చూసే డాక్టర్లందరూ మొదట ఒకచోట చేరి అదే పిల్లల్ని విడివిడిగా చూసి మార్కులు వేసుకుని పోల్చుకోవడం. మధుమేహం మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2008 నుంచి 2020 దాకా విడతలుగా 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 1,13,043 మందిని చూసింది. ఒక రాష్ట్రాన్ని ఇంకో రాష్ట్రంతో పోల్చగలిగారంటే పద్ధతి ఒక్కటే కావడం వల్లే.

ఊరి పేర్ల సంగతి కూడా. 2022లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. పాత డేటాలో ఒక జిల్లా, కొత్తదాంట్లో ఇంకో జిల్లా. ప్రతి ఊరికీ ప్రభుత్వం ఇచ్చిన ఎల్‌జీడీ (లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ) కోడ్ రాయమనండి, జిల్లా హద్దులు ఎన్నిసార్లు మారినా డేటా తప్పిపోదు.

ఐదో అడుగు: ఎథిక్స్, డేటా

ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు బహుళ కేంద్రాల పరిశోధనకి ఉమ్మడి సమీక్షని అనుమతిస్తాయి. ఒక ప్రధాన ఎథిక్స్ కమిటీ సమీక్షిస్తే మిగతావి స్థానిక అంశాల మేరకు చూసుకోవచ్చు. ఇది వాడమని గ్రాంటులోనే చెప్పండి, లేకపోతే నాలుగు కమిటీలు నాలుగు సవరణలు అడిగి నాలుగు రకాల ఫారాలు మిగులుతాయి. కమిటీకి ప్రభుత్వ నమోదు ఉందో లేదో చూసుకోవడం మొదటి దశలో పని. చికిత్సని పరీక్షించే అధ్యయనమైతే మొదటి మనిషిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు చేయాలి.

డేటా దగ్గర నా పట్టుదల ఒకటే: పేరు, ఫోన్ నంబరు, ఏ కోడ్ ఎవరిదో తెలిపే తాళంచెవి ఫైలు స్థానిక సంస్థ దాటి పోకూడదు. మిగతావాళ్లకి కోడ్‌లతో ఉన్న డేటా చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చాక ఇందులో అజాగ్రత్తకి చోటు లేదు. అలాగే మొత్తం ఉమ్మడి డేటా ప్రతి భాగస్వామికీ ఒకే రోజు అందాలి. మా శాంపిళ్ల ఫలితాలు మేం ఒక జర్నల్‌లో చదివి తెలుసుకున్న రోజు ఉంది.

ఆరో అడుగు: ఎంపిక

నూటికి మార్కులు ఇలా వేస్తాం: ప్రశ్నకి సహకారం నిజంగా అవసరమా అన్నదానికి 30; స్థానిక భాగస్వామికి నిర్ణయాల్లో చోటుకి 25; పద్ధతి, నాణ్యతకి 25; ఊరికి ఫలితం చేర్చే ప్రణాళికకి 10; బడ్జెట్‌కి 10. కమిటీలో జిల్లా ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు ఒకరు, ఆ జబ్బుతో బతుకుతున్న కుటుంబం నుంచి ఒకరు ఉండాలి. దరఖాస్తుదారులతో సంబంధం ఉన్నవాళ్లు ఆ చర్చ జరిగేటప్పుడు బయటికి వెళ్లాలి.

వీటన్నిటికంటే పనిచేసేది ఒక ఫోన్ కాల్. ప్రధాన పరిశోధకుడు లేకుండా, జట్టులో అందరికంటే చిన్న సంస్థ వాళ్లతో పదిహేను నిమిషాలు మాట్లాడండి. "ఈ ప్రశ్న ఎవరు రాశారు? బడ్జెట్ మీరు చూశారా? మీకు నచ్చనిది మార్పించగలిగారా?" అని అడగండి. ఒకసారి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ కాసేపు ఆగి, "బడ్జెట్ పేజీ నాకు పంపలేదు సార్" అంది. ఆ దరఖాస్తుని తిరస్కరించలేదు, నెల గడువిచ్చి కలిసి మళ్లీ రాయమన్నాం. రెండోసారి వచ్చిన ప్రపోజల్ చాలా మెరుగ్గా ఉంది.

ఏడో అడుగు: క్యాలెండర్ ఊరిది కావాలి

మార్చి 31కి లెక్కలు ముగించాలని ఫిబ్రవరిలో డబ్బు విడుదల చేసి, నెలలో ఖర్చు పెట్టమంటే ఎవరికీ మంచిది కాదు. మన దగ్గర పెద్ద వానలు అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. బోరు నీళ్లు వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి చూడాలి. నాగౌర్‌లో వానకాలం వేరు. కాబట్టి వాయిదాలు నెలల లెక్కన కాక పనుల లెక్కన పెట్టండి, ఒక్కో చోటికి ఒక్కో తేదీతో. ఒక భాగస్వామి ఆలస్యం చేస్తే మిగతావాళ్ల వాయిదా ఆపకండి.

కనిగిరి లాంటి పశ్చిమ ప్రాంతం నుంచి చాలామంది హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలకి పనులకి వెళ్తారు. మామూలు రోజుల్లో సర్వే చేస్తే ఇళ్లల్లో దొరికేది ముసలివాళ్లు, పిల్లలు. అందరూ వచ్చేది సంక్రాంతికే. మొదటి పరీక్ష అప్పుడు, రెండోది వేసవిలో ఊరి తిరునాళ్లకి పెట్టుకుంటే మూడు నెలల ఎడమూ కుదురుతుంది. పండగ రోజుల్లో పనిచేసే సిబ్బందికి అదనపు భత్యం బడ్జెట్‌లో ఉండాలి, వాళ్లకీ ఇళ్లున్నాయి.

ఎనిమిదో అడుగు: పేర్లు

వ్యాసాల్లో ఎవరి పేరు ఎక్కడ రావాలో మొదటి దశలోనే రాసి సంతకాలు పెట్టించండి. ఒప్పందంలో కనీసం ఒక ప్రధాన వ్యాసానికి జబ్బు ఉన్న ప్రాంతం వాళ్లు మొదటి లేదా చివరి రచయితగా ఉండాలి, ముఖ్యులకి ఇచ్చే చోట్లు అవే. దీనికి వాళ్లకి గణాంకాలు, రాత నేర్పే ఖర్చు కూడా గ్రాంటే పెట్టుకోవాలి; నేర్పకుండా పేరు పెడితే అది గౌరవం కాదు.

తొమ్మిదో అడుగు: రిపోర్టు గడి

చివరి 10 శాతం డబ్బు ఫలితాలు ఊరికి చేరాకే విడుదల చేయండి. చేరడం అంటే ఏమిటో కూడా రాయండి, లేకపోతే ఒక పోస్టరు అంటించి ఫొటో పంపుతారు. మేం అడిగేవి ఇవి. పరీక్ష చేయించుకున్న ప్రతి మనిషికీ వాళ్ల ఫలితం తెలుగులో, మూసిన కవరులో, ఆశా లేదా ఏఎన్‌ఎం చేతుల మీదుగా. క్రియాటినిన్ ఎక్కువ వచ్చినవాళ్లకి ప్రాజెక్టు పూర్తయ్యేదాకా ఆగకుండా, రెండు వారాల్లో ఫోన్ చేసి, ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఎవరిని కలవాలో చెప్పడం. మొత్తం ఊరి ఫలితం గ్రామసభలో చదవడం, ప్రశ్నలకి జవాబు చెప్పే డాక్టరుతో సహా. బోరుల లెక్క సర్వే నంబర్లతో కాకుండా జనం పిలిచే పేర్లతో ఉండాలి: రామాలయం బోరు, బడి వెనక బోరు, చెరువుకట్ట కింది బోరు. ఏ బోరు నీళ్లు వంటకి వాడొచ్చో, ఏవి గుడ్డలు ఉతకడానికే ఉంచాలో ఆ కాగితం చూసి చెప్పగలగాలి.

ఆ కాగితం రెండు ప్రతులు తీయించండి. ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకి, రెండోది ఆశా కార్యకర్త నోటుబుక్కులో అంటించడానికి.